అవ్వ

మన పత్రికలయందు మహనీయురాండ్ర చరిత్రములు తరచుగా ప్రకటింపబడుచుండును. రాణుల చరిత్రములను, విదుషీమణుల చరిత్రములను చదివి మనము సంతసించుచుందుము. వారి పేళ్లు గ్రంథములలో నిలిచియున్నవి. పేరు గ్రంథములకెక్కకున్నను, తమ చుట్టునున్న నాలుగు వీథులకు వెలుగునిచ్చిన స్త్రీలు ప్రతి గ్రామమునందును గలరు. అట్టివారిలో నొకరిని గూర్చి యీ వ్యాసమున వ్రాయదలచితిమి. వారు మా పొరుగువారు, పల్లెబడులలో ముప్పదియేడేండ్లు చదువు చెప్పిన ఉపాధ్యాయిని, దృఢభక్తిగల క్రైస్తవురాలు, తల్లిలేని మనుమరాలిని పెంచి పెద్దచేసిన అమ్మమ్మ. "వ్రాయుము గాని, నా పేరు మాత్రము వ్రాయకు బిడ్డా" అని వారు మమ్ము గోరిరి. కావున ఊరివారు పిలుచునట్లు మేమును "టీచరమ్మ" యనియే వ్రాయుచున్నాము.

మేముండునది కాళేశ్వరము. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, ప్రాణహిత వచ్చి గోదావరితో గలియు చోటనున్న క్షేత్రమిది. సరస్వతియు నంతర్వాహినిగా నిచ్చట గలియునని పెద్దల నమ్మకము. ఆ నమ్మకముతోడనే 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు జనులు వేలకొలదిగా వచ్చి స్నానమాడిపోయిరి. ఒకే పానవట్టముపై కాళేశ్వరుడనబడు యమలింగమును, ముక్తేశ్వరుడనబడు శివలింగమును ఇచ్చట పూజలందుకొనుచుండును. శ్రీశైలముతోడను ద్రాక్షారామముతోడను గూడి త్రిలింగక్షేత్రములలో నిది యొకటి. ఇట్టి శివక్షేత్రమున క్రైస్తవురాలి కథ యేమని మీరనుకొనవచ్చును. మేమును మొదట నట్లే యనుకొంటిమి. ఆ యనుకొనుటలోని పొరపాటే యీ వ్యాసమునకు గారణము.

మా వారు ప్రభుత్వ పాఠశాలలో నుపాధ్యాయులు. ఇచ్చటి గోదావరినీటిని ఎత్తిపోయు పథకము 2019 జూన్ నెలలో ప్రారంభమయ్యెను; ఆ యేటనే వారికి ఈ ప్రాంతమునకు బదిలీ వచ్చెను. అత్తగారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, ఏటికి జేరువ వీథిలో నొక యిల్లు అద్దెకు దీసికొంటిమి. మేము కళాశాల ముఖము చూచినవారము కాము. మా తండ్రిగారు పండితులగుటచే భారత భాగవతములను, కొన్ని కావ్యములను ఇంటనే చెప్పిరి. ఆ చదువును గూర్చిన గర్వము మాలో కొంత యుండెడిదని యిప్పుడు చెప్పుకొనుటకు సిగ్గుపడము.

వచ్చిన పది దినములకు, ఒక సాయంకాలము కూరగాయలు గొని యింటికి మరలుచుండగా, వీథి చివర మెరకమీదనున్న పెంకుటింటి అరుగుపై పదిమందికి మించిన పిల్లలు గూర్చుండి గజేంద్రమోక్షములోని పద్యమును గొంతెత్తి చదువుచుండిరి. ఎక్కడను పదము విరుగలేదు. యతిస్థానమున నిలుపవలసిన చోట నిలుపుచుండిరి. మేము దారిలో నాగి వింటిమి. తెల్లని నూలుచీర కట్టుకొన్న వృద్ధురాలొకరు నడుమ గూర్చుండి తాళము వేసినట్లు మోకాలిపై చేయి తట్టుచుండిరి. వారి వెనుక గోడపై కొయ్యసిలువ యొకటి వ్రేలాడుచుండెను. మా యాశ్చర్యము మొగమున గనబడెను గాబోలు, వారు నవ్వి యిట్లనిరి: "పిల్లవాని నాలుక తిరుగవలెనన్న పోతనగారికంటె మంచి గురువు ఎవరు బిడ్డా? నా దేవుని నేను ప్రార్థించుకొందును. పిల్లలకు రావలసినది పిల్లలకు ఇచ్చెదను."

ఆ దినము మొదలు మాకు పరిచయము గలిగెను. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసికొనుటయు, బైబిలులో నొక అధ్యాయము చదువుకొనుటయు వారి నిత్యకృత్యము. పనిచేయునప్పుడు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను సన్నగా పాడుకొనెడివారు. 1803లో బ్రాహ్మణకుటుంబమున జన్మించి, క్రైస్తవమును స్వీకరించి, ఆ మతమువారికి తెలుగున కీర్తనలను కూర్చి యిచ్చిన కవి వీరు. ఆ పేరు మేమంతకుముందు వినియుండలేదు. ఇన్ని కావ్యములు చదివితిమనుకొన్న మాకు తెలుగుభాషలోనే మేమెరుగని గది యొకటి కలదని తొలిసారి తోచెను.

టీచరమ్మగారి పుట్టిల్లు దోర్నకల్ పరిసరములలోని యొక పల్లె. దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుదారిలో, సింగరేణి బొగ్గుగనులవైపునకు చీలుదారి గలిగిన కూడలి యది. వారిని ప్రసవించిన కొలదినాళ్లకే తల్లి కాలము చేసెను. పెంచినది నాయనమ్మ. తెలంగాణమున తల్లిని "అవ్వ" యందురు. ఇతర తల్లి నెరుగని యా పసిబిడ్డ నాయనమ్మనే "అవ్వ" యని పిలువ నేర్చెను. వారి చరిత్రమును చెప్పవలెనన్న ఆ యవ్వనుండియే ఆరంభింపవలెను.

ఆ యవ్వ యక్షరము నేర్చినది తన యిరువదవ యేట, దోర్నకల్‌లో. అప్పటికచ్చట అన్బు మరియమ్మాళ్ అను తమిళ స్త్రీ యుండిరి. దక్షిణదేశపు క్రైస్తవస్త్రీలలో కళాశాలవిద్య నభ్యసించిన మొదటివారిలో వీరొకరు. 1898లో వీరిని వివాహమాడిన వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతీయులు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంతధనముతో, పరదేశీయుల సొమ్ము కోరక, ఒక ధర్మప్రచార సంఘమును స్థాపించిరి. దానికి పూనుకొన్నవారిలో అజరయ్యగారు ముఖ్యులు. 1909లో వారే గురుపట్టము పొంది దోర్నకల్‌కు పనిచేయ వచ్చిరి. తెలుగు వారికి పుట్టుకతో వచ్చిన భాష కాదు, వచ్చి నేర్చికొన్నది. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా నగరములోని సెయింట్ పాల్ దేవాలయమున ఆయనకు బిషప్పు పదవి నొసగిరి. ఆంగ్లికన్ సంఘమున నా పదవి పొందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు. 1945 జనవరి 1వ తేదీన మరణించు పర్యంతము దోర్నకలే ఆయనకు కార్యస్థానము.

ఆ ప్రాంతమున నాడు క్రైస్తవమును స్వీకరించినవారిలో హెచ్చుమంది మాల మాదిగ కులములవారు. ఊరి బావియొద్దకు రానీయని జనులను బడికి మాత్ర మెవరు రానిత్తురు? పైగా అది నిజాము రాజ్యము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము మొదలుకొని ప్రభుత్వపు చదువునకెల్ల ఉర్దూయే మాధ్యమము. తెలుగు చదువుకొనుట కై హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు ఎంత ప్రయాసపడిరో మన మెరిగినదే. పట్టణములయందలి ధనవంతులకే అంత కష్టమైనప్పుడు, పల్లెలోని కూలివానికి తెలుగక్షరమెట్లు చిక్కును? పల్లెకొక గురువును పంపి, పగలు పిల్లలకును రాత్రి పెద్దలకును చదువుచెప్పించి, ఆ గురువుచేతనే ప్రార్థనయు నడిపించుట దోర్నకల్‌వారి పద్ధతి.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ గురువులు కాదలచినవారిని శిక్షణకు పిలుచునప్పుడు భార్యలను గూడ రప్పించి, వారికిని చదువు చెప్పెడివారు. భర్తకు మాత్రమే చదువుచెప్పిన పల్లెలో నొక పురుషుడు చదివినట్లు; భార్యకును చెప్పిన, ఆ పల్లెస్త్రీలకెల్ల ఒక ద్వారము తెరచినట్లు. ఈ స్త్రీల చదువునందు మరియమ్మాళ్‌గారు మిగుల శ్రద్ధవహించిరి. టీచరమ్మగారి తాత అట్లే శిక్షణకు పోయెను, భార్య వెంటబోయెను. చంటిబిడ్డను వేపకొమ్మకు గట్టిన చీరయుయ్యాలలో పరుండబెట్టి, ఒక చేత ఉయ్యాలత్రాడు, ఒక చేత పలక పట్టుకొని తాము ఓనమాలు దిద్దిన విధమును అవ్వ ముదిమియందును చెప్పి నవ్వెడిదట. చదువు ముగించి పల్లెకు వచ్చిన పిమ్మట, పగలంతయు కలుపుతీసి యలసిన స్త్రీలను రాత్రి లాంతరు చుట్టు కూర్చుండబెట్టి తనకు వచ్చిన నాలుగక్షరములను వారికి నేర్పెనట. ఉయ్యాలలో పరుండిన యా చంటిబిడ్డయే టీచరమ్మగారి తండ్రి.

ఇది విని మాకు పండిత రమాబాయిగారి తల్లి జ్ఞప్తికి వచ్చెను. అనంతశాస్త్రిగారు తమ భార్యయగు లక్ష్మీబాయికి సంస్కృతము చెప్పుటయు, ఆమె తన కూతునకు చెప్పుటయు చరిత్రప్రసిద్ధము. ఆ కూతురే 1858లో జన్మించి పండితులచే "సరస్వతి" యనిపించుకొన్న రమాబాయి. ఒక తల్లికి చెప్పిన యక్షరము ఎంత దూరము పోవునో చూడుడు. మాకును మా తండ్రిగారు చెప్పిరి గదా! వారు పలకపట్టి మాకు నేర్పిన దానికిని, వేపచెట్టు క్రింద నా యవ్వ నేర్చినదానికిని భేదమేమి?

టీచరమ్మగారు అవ్వయొద్దనే ఇసుకలో దిద్ది యక్షరములు నేర్చి, బడిచదువు ముగించి, ఉపాధ్యాయశిక్షణ పొంది 1967లో ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిరి. శిక్షణకు పోవునాటికి అవ్వకు చూపు మందగించియున్నది. వీరు పోనని యేడ్చిరట. "నా కన్నులు నీవు చదివిన చాలును, చూచినట్లే" అని యవ్వ బలవంతముగా పంపెనట. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని పని గలదు.

వారు పనిచేసినవి హెచ్చుగా ఈ మహాదేవపురము ప్రాంతపు అడవిపల్లెలు. వానకాలమున వాగులు దాటి పోవలెను. చీర మోకాళ్లకెత్తి, చెప్పులును హాజరుపట్టికయు నెత్తిన బెట్టుకొని వాగు దాటిన దినములు లెక్కలేదనిరి. ఒక్క గదియే బడి, ఒక్కరే గురువు, ఐదు తరగతులు. అంకెలు నేర్పుటకు చింతగింజలు, ఎక్కములకు సీతాఫలపుగింజలు. మొదటిదినమున "అ, ఆ" లను వ్రాయింపక, పిల్లవాని పేరునే పలకపై వ్రాసి యిచ్చెడివారు. "ఇది యెవరు?" అని యడుగుదురు. "నేను" అనును. తన పేరును తాను గుర్తించిన బిడ్డ మరునాడు బడి మానడని వారి యనుభవము.

ఆడపిల్లలు బడికి రాకుండుట యన్నిటికంటె పెద్ద చిక్కు. తల్లి కూలికి పోవును. తమ్ముని నెత్తుకొనుటకు ఎనిమిదేండ్ల యక్క యింట నుండవలెను. టీచరమ్మగారు ఇల్లిల్లు తిరిగి, "తమ్ముని గూడ బడికి తీసికొని రమ్ము" అని చెప్పిరి. బడిగది దూలమునకు నాలుగు చీరయుయ్యాలలు వ్రేలాడెను. ఒకసారి పైయధికారి యొకరు తనిఖీకి వచ్చి, "ఇది బడియా, పురిటియిల్లా?" అని కోపించిరట. వారు జంకక, "అయ్యా, ఈ నాలుగుయ్యాలలు తీసివేసినచో నలుగురు ఆడపిల్లలను హాజరుపట్టికనుండి తీసివేయవలసివచ్చును. ఏది తీయమందురు?" అని యడిగిరి. ఆ యధికారి మారుమాటాడక హాజరు వ్రాసికొని పోయిరట. ఆ యుయ్యాల త్రాళ్లు పట్టుకొని చదివినవారిలో నొకామె యిప్పుడు అంగన్‌వాడీలో టీచరు. మరియొకామె గ్రామపంచాయతి వార్డుసభ్యురాలు. అవ్వ దోర్నకల్‌లో వేపకొమ్మకు గట్టిన యుయ్యాలయే యిచ్చటి దూలమునకును గట్టబడినదని మాకు తోచును.

వారి గృహజీవితము సుఖమయము కాదు. నడివయస్సుననే భర్త గతించెను. 2004లో ఉద్యోగవిరమణ జరిగెను. ఇక కూతునొద్ద విశ్రమింతమనుకొనునంతలో, ఆ కూతురు మూడేండ్ల యాడుబిడ్డను విడిచి కాలము చేసెను. అల్లుడు మరల వివాహమాడి దూరదేశమునకు పోయెను. అరువదేండ్లు దాటిన వారికి మరల బాలింతపని వచ్చిపడెను. పాలు కాచుట, జడలు వేయుట, రాత్రులందు దగ్గు వచ్చిన ఛాతికి నూనె రాచుట, బడికి పంపుట. ఆ బిడ్డయు వీరిని "అవ్వ" యనియే పిలిచెను.

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. మా యింట మడియాచారములు కలవు. పండుగలకు పండ్లు, దోసకాయలు, కొత్తబియ్యము టీచరమ్మగారి యింటికి పంపెడివారము. మా పిల్లలు వారి యరుగుపై చదువుకొనెడివారు. వారిని గౌరవించుచున్నామనియే మా నమ్మకము. కాని మూడేండ్లలో నొక్కసారియైనను వారియింట మంచినీళ్లు త్రాగి యెరుగము. వారును ఒక్కసారియైనను పుచ్చుకొమ్మనలేదు. ఆ యనకపోవుటను మేము మర్యాదగా నెంచితిమి గాని, దానివెనుక నెంత తెలిసి యోర్చుకొన్న దుఃఖము గలదో తెలిసికొనలేదు.

2022 జూలై రెండవవారమున గోదావరికి వచ్చిన వరదను మీరు పత్రికలలో జదివియుందురు. ప్రాణహితయు గోదావరియు నేకమై సముద్రమువలె గానవచ్చెను. అన్నారము, కన్నెపల్లి పంపుగృహములు సైతము నీట మునిగెను. ఊరిలోని లోతట్టు వీథులలో నీరు ప్రవేశించెను. మా వారు బడిలో నేర్పరచిన సహాయపుపనిలో నుండిరి. చీకటిపడు వేళ మా పెరటిగుమ్మమునకు నీరు తగిలెను. అత్తగారికి రెండు దినములుగా జ్వరము. పిల్లల నెత్తుకొనుటయో, అత్తగారిని నడిపించుటయో తోచక నిలిచియుండగా, మోకాలిలోతు నీటిలో కఱ్ఱ పోటువేసికొనుచు టీచరమ్మగారును, టార్చిదీపము పట్టుకొని మనుమరాలును వచ్చిరి. "సామాను విడువుము బిడ్డా, మనుష్యులను బట్టుకొనుము" అని, అత్తగారి చేయి తమ భుజముపై వేసికొని నడిపించుకొనిపోయిరి. వారి యిల్లు మెరకమీదిదగుటచే అచ్చటికి నీరు రాలేదు.

పొడిబట్టలిచ్చిరి. పిల్లలు నిద్రించిరి. అత్తగారు దాహమనిరి. అప్పుడు టీచరమ్మగారు లోపలినుండి తళతళలాడు స్టీలుబిందె నొకదానిని, చెంబును దెచ్చి మా ముందు బెట్టి మెల్లగా నిట్లనిరి: "ఈ బిందె క్రొత్తది. మే మెవరము వాడలేదు. బోరింగు వాకిటనే యున్నది. నీవే కొట్టుకొని, నీవే కాచుకొనుము. పొయ్యికూడ అలికించితిని."

సోదరీమణులారా! ఆ మాట వినినప్పటి మా స్థితి చెప్పుటకు మాటలు లేవు. మమ్ము వరదనుండి తెచ్చినవారు, తమ చేతినీళ్లు మేము త్రాగమని ముందే యెంచుకొని, ఎప్పుడో మాకొరకై బిందె కొని యుంచిరి! కోపము లేదు, ఎత్తిపొడుపు లేదు. తిట్టియుండినను మాకింత బాధ కలుగకుండెడిది. మేమింకను తలవంచుకొని యుండగా, మంచముపైనున్న మా యత్తగారే, డెబ్బదియేండ్లు మడి విడువనివారు, చేయి చాచి, "అక్కా, నీవు త్రాగు నీళ్లే యిమ్ము. ఈ గొంతునకు నీళ్లు కావలెను గాని బిందె కాదు" అనిరి. టీచరమ్మగారు తమ మట్టికుండలోని నీటిని గ్లాసులో బోసి యిచ్చిరి. పిదప గంజి కాచి త్రాగించిరి. మేమును త్రాగితిమి. "టీచరుగారూ" అని మూడేండ్లు పిలిచిన నోట "పెద్దమ్మా" యను పిలుపు ఆ రాత్రియే వచ్చెను.

వరద తీయువరకు మూడు రాత్రులు వారియింటనే యుంటిమి. పైని వ్రాసిన కథయంతయు ఆ రాత్రులలో విన్నదియే. అప్పుడే అజరయ్యగారిని గూర్చి మరియొక సంగతి వింటిమి. 1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున లోకములోని మిషనరీలందరు గొప్ప సభ చేసిరట. అజరయ్యగారు అచ్చట ప్రసంగించుచు, మీరు మాకు ధనమిచ్చితిరి, ప్రాణములనైన నిచ్చితిరి, కాని మాకు కావలసినది స్నేహము; మాకు స్నేహితుల నిండు, అను భావముతో మాటలాడిరట. తెల్లవారు నల్లవారిని సమానముగా కూర్చుండబెట్టుకొని భుజింపకపోవుటను గూర్చి నిర్భయముగా పలికిన పలుకది. సభలో పలువురికి కోపము వచ్చినను, ఆ మాట మాత్రము చరిత్రలో నిలిచినది. ఇది వినుచున్నప్పుడు మేము పంపిన దోసకాయలును, కొత్తబియ్యమును మా కన్నులయెదుట గనబడెను. ఇచ్చుట సులభము, పుచ్చుకొనుటయే కష్టము. ఇచ్చువాడు పైనుండవచ్చును, పుచ్చుకొనువాడు ప్రక్కన గూర్చుండవలెను.

ఆయన కట్టించిన దోర్నకల్ దేవాలయమును పిదప నొక సెలవులలో మేమును బోయి చూచితిమి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగినదది. గుమ్మటములు మసీదును, రాతిస్తంభములు మన దేవాలయమండపములను జ్ఞప్తికి దెచ్చుచుండును. పరదేశపు గుడిని తెచ్చి నిలువక, ఈ నేలమీది వారందరి పనితనమును ఒక్కకప్పు క్రిందికి దెచ్చిరి.

ఆ సంవత్సరమే టీచరమ్మగారి మనుమరాలికి హైదరాబాదున నర్సుల చదువునకు సీటు వచ్చెను. అవ్వనొంటిగా విడిచి పోనని యా పిల్ల పట్టుపట్టెను. ఒకనాటి సాయంకాలము పెద్దమ్మ బైబిలు చదువుచుండగా ప్రక్కన గూర్చుంటిమి. వారి నోట వచ్చుచున్న భాగమొకటి; తెరచియున్న పుట మరియొకటి. మాకు గుండె జల్లుమనెను. "పెద్దమ్మా, మీ కన్నులు కనబడుచున్నవా?" అంటిమి. వారు పుస్తకము మూసి, "రెండు కన్నులకును శుక్లములు. ఏడాదియైనది. వచ్చినది కంఠస్థము గనుక జరుగుచున్నది. పిల్లతో చెప్పకు. చెప్పితివా, అది కదలదు" అనిరి.

ఏమిచేయుటకు తోచలేదు. దాచుట ధర్మమా? చెప్పుట ధర్మమా? నిజము దాచి బిడ్డను పంపిన, రేపు తెలిసి యా బిడ్డ మమ్ము నిందింపదా? చెప్పిన, ఆ చదువు పోవును, మరల రాదు. మా వారితో నాలోచించి, మరునాడు పెద్దమ్మకు మా షరతు చెప్పితిమి: "మీ మాట దాటము. కాని పిల్ల చేరిన నెలలోపల మాతో వరంగల్లునకు వచ్చి శస్త్రచికిత్స చేయించుకొనవలెను. చేయించుకొన్న దినముననే పిల్లకు మేమే సర్వము చెప్పెదము." వారు చాలసే పూరకుండి, తుద కొప్పుకొనిరి. మనుమరాలిని బస్సెక్కించిన దినమున వారు ఏడ్వలేదు. బస్సు మలుపు తిరిగిన తరువాత, "పోయినదా బిడ్డా?" అని యడిగిరి. అప్పటికి బస్సు వారికి గనబడదని మాకు మాత్రమే తెలియును.

తమ యవ్వ తమ్ము పంపినట్లే వారును తమ బిడ్డను పంపిరి. చెప్పినమాట చొప్పున నెలలోపల ఒక కంటికి, తరువాత రెండవ కంటికి శస్త్రచికిత్స జరిగెను. ఆ సాయంత్రమే ఫోను చేసి పిల్లకు చెప్పితిమి. మొదట నేడ్చెను, తరువాత కోపించెను, పిమ్మట, "అత్తమ్మా, కంటిలో చుక్కలు వేళకు వేయుచున్నారా?" అని నర్సువలె ప్రశ్నింప నారంభించెను.

కన్నులకు విశ్రాంతి నిచ్చిన యా వారములలో రాత్రిపూట పెద్దమ్మకు బైబిలు చదివి వినిపించుట మా పని యయ్యెను. మేము నాలుగు పుటలు చదివిన పిమ్మట, వారు భాగవతములోని పద్యములు చెప్పుమనెడివారు. మా యత్తగారు జపమాల చేతబట్టుకొని రెండును వినెడివారు. ఒకరాత్రి తిమోతియను శిష్యునకు పౌలు వ్రాసిన రెండవ లేఖ వచ్చెను. ఆ శిష్యుని విశ్వాసము మొదట అతని అవ్వయగు లోయియందును, తల్లియగు యునీకేయందును ఉండెనని యందు గలదు. తెలుగు బైబిలులో "అవ్వ" యన్న తల్లికి తల్లి వంటిది. తెలంగాణమున "అవ్వ" యన్న తల్లి. "పెద్దమ్మా, ఇచ్చట ఏ యర్థము చెప్పుకొనవలెను?" అని యడిగితిమి. వారు కన్నులపై పచ్చగుడ్డతోడనే నవ్వి, "నన్ను పెంచినదానికి రెండర్థములును సరిపోయెను. నేను పెంచినదానికిని సరిపోయెను. నీకెందుకు బిడ్డా వ్యాకరణము? ముందుకు చదువుము" అనిరి.

ఇప్పుడు పెద్దమ్మకు చూపు చక్కగా నున్నది. అరుగుపై బడి నడుచుచునే యున్నది. మనుమరాలి చదువు ముగియవచ్చినది. ఆ స్టీలుబిందె మా వంటయింటికి వచ్చినది; మే మడిగి తెచ్చుకొంటిమి. దినమును దానితోడనే నీళ్లు దెచ్చుకొనుచున్నాము, వెనుకటి మా తెలివితక్కువను మరువకుండుటకు.

చదువరులారా! మీ వీథిలోను ఇట్టి వృద్ధురాలొకరు ఉండకపోరు. వారి మతమేదియైన గానిండు, కులమేదియైన గానిండు. పండుగనాడు పండ్లు పంపుట మంచిదే. కాని యొకనాడు ఉత్తచేతులతో వారియింటికి బోయి, గడపలో గూర్చుండి, "దాహముగా నున్నది, మంచినీళ్లిండు" అని యడిగి చూడుడు.